ఫ్లూ రక్షణను కొలవడంలో మోసం తీసేసిన డాక్టర్ బర్నెట్



సెప్టెంబరు 3 సర్ ఫ్రాంక్ మెక్‌ఫార్లేన్ బర్నెట్ పుట్టినరోజు. 1899లో ఆస్ట్రేలియాలోని ట్రరాల్గన్ అనే ఊళ్లో ఒక బ్యాంకు మేనేజరుగారింట పుట్టారు. ఏడుగురు పిల్లల్లో రెండోవారు. బాగా బిడియస్తుడు. పెంకుపురుగులు ఏరి దాచుకోవడమంటే మహా ఇష్టం. (మీ అబ్బాయి అగ్గిపెట్టెలో పురుగు దాచుకుంటే వెంటనే పారేయించకండి!) మెల్‌బోర్న్‌లో డాక్టరు చదివి, ఆ ఊళ్లోని హాల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే చాలాకాలం పనిచేశారు. 1944లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం పిలిచినా వెళ్లలేదు.

1933లో లండన్‌లో మనిషికి వచ్చే ఫ్లూ వైరస్‌ను మొదటిసారి పట్టుకున్నప్పుడు బర్నెట్ ఆ సంస్థలోనే ఉన్నారు. ఊరికి తిరిగి వచ్చాక, పిల్ల ఎదుగుతున్న కోడిగుడ్డులో ఆ వైరస్‌ను పెంచే పద్ధతులను మెరుగుపరిచారు.

సరే, టీకా వేసుకున్న మనిషి రక్తంలో రక్షణ వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? 1941లో న్యూయార్కులో జార్జి హర్స్ట్ ఒక దారి చూపించారు. మామూలుగా కోడి ఎర్రరక్తకణాలు గుంట అడుగున ఎర్రటి బొత్తాంలా దిగుతాయి. ఫ్లూ వైరస్ కలిపితే అవి ఒకదానికొకటి అంటుకుని వలలా పరుచుకుంటాయి. రక్తపు సీరంలో యాంటీబాడీలు ఉంటే అవి వైరస్‌ను అడ్డుకుంటాయి, మళ్లీ బొత్తాం కనిపిస్తుంది. సీరంను 10, 20, 40, 80 రెట్లు అలా పలచన చేసుకుంటూ పోతారు. బొత్తాం ఎంత పలచన దాకా నిలిస్తే ఆ అంకే టైటర్. 40 వస్తే, పెద్దవాళ్లలో ఫ్లూ సోకే అవకాశం సుమారు సగానికి తగ్గుతుందని లెక్క. అంతేగానీ పూర్తి భరోసా కాదండి.

ఇక్కడే ఒక చిక్కుంది. సీరంలో యాంటీబాడీలు కాని పదార్థాలు కూడా వైరస్‌ను పట్టేసుకుంటాయి. అప్పుడు లేని రక్షణ ఉన్నట్టు కనబడుతుంది! 1946 ప్రాంతంలో బర్నెట్ బృందం, కలరా క్రిమిని పెంచిన ద్రవంలో ఒక ఎంజైమును కనిపెట్టింది. వైరస్ అంటుకునే చోటునే అది కత్తిరించేస్తుంది. దాన్ని సీరంలో కలిపి రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచి, తర్వాత 56 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేస్తే ఆ దొంగ అడ్డు పోతుంది. నిజమైన యాంటీబాడీలు మిగులుతాయి.

ఆయనకు 1960లో నోబెల్ వచ్చింది దీనికి కాదు; శరీరం తన కణాలను తనవిగా ఎలా ఓర్చుకుంటుందో చెప్పినందుకు, పీటర్ మెడవర్‌తో కలిపి ఇచ్చారు. నన్నడిగితే ఈ ఎంజైమూ తక్కువదేం కాదు. 1985 ఆగస్టు 31న బర్నెట్ కన్నుమూశారు. ఫ్లూ ల్యాబుల్లో సీరం పరీక్షకు ముందు ఆ ఎంజైము కలపడం మాత్రం ఈనాటికీ జరుగుతూనే ఉంది.

— ప్రధానోపాధ్యాయుడు