ఘంటసాలవారు: లక్క రికార్డు మొదలు గీత వరకు

జంషెడ్‌పూరునుండి ఏ దిక్కునకు పోయినను కొంత దూరములోనే ఛోటానాగపూరు అడవులు ఎదురగును. అచటి కుసుమ, మోదుగ, రేగు చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు లక్కను పెట్టును. భారతదేశమున పండు లక్కలో అధికభాగము నేటికిని ఈ ప్రాంతమునుండియే వచ్చుచున్నది. రాంచీ దాపున నామ్‌కుమ్‌లో లక్క పరిశోధనకై 1924లో ఒక సంస్థను నెలకొల్పిరి. ఈ లక్కకును తెలుగు పాటకును సంబంధమేమి యని అడుగవచ్చును. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత గ్రామఫోను రికార్డు లక్కతో రాతిపొడిని కలిపి ఒత్తినదే. కలకత్తాలోని సీల్దాలో 1908లోను, పిదప దమ్‌దమ్‌లోను గ్రామఫోను కంపెనీవారు కర్మాగారములు పెట్టిరి. మదరాసులో పాడిన తెలుగు పాట దమ్‌దమ్‌లో లక్కపై అచ్చుపడి, మరల రైలెక్కి ఆంధ్రదేశము చేరుచుండెను.

అట్లు అచ్చుపడిన కంఠములలో తెలుగువారు మిక్కిలిగా వినినది ఘంటసాల వేంకటేశ్వరరావుగారిది. ఆయన సినిమాపాటలు అందరెరిగినవే. సినిమా కొరకు గాక కేవలము రికార్డు కొరకు పాడినవి వేరుగా కలవు. ఆయన విద్యను, హృదయమును కొలుచుటకు ఆ రెండవ తెగయే సరియైన ప్రమాణము.

ఘంటసాలవారు 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడ ప్రాంతమునందలి చౌటపల్లిలో జన్మించిరి. తండ్రి సూరయ్యగారు మృదంగము వాయించుచు, నారాయణతీర్థుల తరంగములు పాడుచుండిరి. ఆ తరంగములకు పసివాడు చిందులు వేయగా చూచినవారు బాలభరతుడని ముద్దుగా పిలిచిరి. కుమారుడు గొప్ప సంగీత విద్వాంసుడు కావలయునన్నది తండ్రి చివరి కోరిక. ఆయన గతించునప్పటికి బాలునికి పదునొకండేండ్లు మాత్రమే. మేనమామ కుటుంబమును చేరదీసెను. సంగీతము నేర్పుదురేమో యన్న ఆశతో ఆ బాలుడు కొందరి ఇండ్లలో చాకిరి చేసెను. అచట చాకిరి మిగిలినది గాని సంగీతము అబ్బలేదు. కడకు వేలి ఉంగరమును నలుబది రూపాయలకు అమ్మి విజయనగరము రైలెక్కెను.

విజయనగరములో సంగీత కళాశాల 1919లో ఏర్పడినది. ఘంటసాలవారు వెళ్ళునప్పటికి దానికి అధ్యక్షులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు. వేసవి సెలవులగుటచే కళాశాల మూసియుండెను. నాయుడుగారు ఆ కుఱ్ఱవానికి కళాశాల ఆవరణలోనే ఉండుటకు చోటిచ్చిరి. పిమ్మట పట్రాయని సీతారామశాస్త్రిగారు, సాలూరి చినగురువుగారని ప్రసిద్ధులు, ఆయనను శిష్యునిగా స్వీకరించిరి. శాస్త్రిగారు పేదవారు, విద్య నీయగలరు గాని తిండి పెట్టలేరు. శిష్యుడు కొంతకాలము వారములు చేసికొనెను. అవి చాలక జోలె పట్టి మధూకరమునకు బయలుదేరెను. ఆ ఊరి ఇల్లాండ్రు వేసిన అన్నముతోనే తెలుగు సినిమాసంగీతము ముప్పది యేండ్లపాటు బ్రతికినదన్నను తప్పులేదు. గురువుగారి గానమునందు స్వరము కంటె భావమునకు పెద్దపీట. శిష్యునకు అబ్బినదియు అదియే.

పట్టా పుచ్చుకొని స్వగ్రామము చేరి సంగీతము చెప్పుకొనుచుండగా 1942 ఉద్యమము వచ్చినది. ఆయన అందు పాల్గొని సుమారు ఏడాదిన్నర అల్లీపురము జైలులో గడపిరి. 1944లో సావిత్రిగారిని వివాహమాడిరి. అత్తవారి ఊరివారగు సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహముతో మదరాసు వెళ్ళిరి. తొలినాళ్ళలో పానగల్ పార్కు కాపలావానికి నెలకు రెండు రూపాయలిచ్చి అచట తలదాచుకొనిరని చెప్పుదురు. రికార్డు కంపెనీవారు మొదట ఆయన కంఠము మైక్రోఫోనుకు తగదని త్రోసిపుచ్చిరి; పిమ్మట అచటనే పనిచేయుచుండిన పేకేటి శివరాంగారు పూనుకొని పాడించిరి. కంఠములను పరీక్షించువారికిని పొరపాట్లు తప్పవు. 1945లో ‘స్వర్గసీమ’ చిత్రమున భానుమతిగారితో పాడినందుకు 116 రూపాయలు ముట్టినవి. ‘మనదేశము’ (1949), ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజారు’ (1957), ‘లవకుశ’ (1963) మున్నగు వాని కథ ఇచట చెప్పనక్కరలేదు. స్వయముగా చిత్రములు నిర్మించి నష్టపడిరనియు, ఉస్మాన్ రోడ్డులోని తమ ఇంట హిందూస్థానీ విద్వాంసులు బడే గులాం అలీఖాన్‌గారిని నెలల తరబడి ఉంచుకొని సేవించిరనియు మాత్రము స్మరింపదగును.

ఇక పద్యము సంగతి. ఘంటసాలవారికి పూర్వము పద్యమనగా రంగస్థల పద్యమే. నటుడు పద్యమును ఒక్క గుక్కలో చదివి, చివర రాగమును ఎంతకును వదలక తీయుచుండగా, ప్రేక్షకులు వన్స్‌మోర్ అని కేకలు వేయుచుండిరి. రాగము పెరిగినకొలది అర్థము వెనుకకు పోవుచుండెను. లక్క రికార్డుపై ఒక ప్రక్క మూడు నిమిషములు, మహా యైన మూడున్నర. అందు అంత రాగమునకు చోటు లేదు. ఇతరులకు అది ఇబ్బంది. ఘంటసాలవారికి అది వరమైనది. పద్యము అర్థము ఎచట విరుగునో అచటనే ఆగుట, భావమునకు తగిన రాగమును ఎన్నుకొనుట, అర్థము ముగిసినచోట రాగమును కూడ ముగించుట ఆయన పద్ధతి. సంస్కృత సమాసమునైనను ప్రతి అక్షరము వినబడునట్లు పలుకుదురు. ఇది శాస్త్రీయ సంగీతము కాదని పెదవి విరిచినవారు ఆ రోజులలో లేకపోలేదు. కాని పద్యమును చదువరాని వానికి సయితము అర్థమగునట్లు పాడుట ఎంత కష్టమో ప్రయత్నించినవారికి తెలియును.

దీనికి మేలైన ఉదాహరణము ‘పుష్పవిలాపము’. ఇది కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘ఉదయశ్రీ’లోనిది. పూజకై పూలు కోయబోయిన వానితో పూలే తమ గోడు చెప్పుకొనును. ఘంటసాలవారు ఇందు ఎచటను ఏడ్వరు. గొంతు కొంచెము తగ్గింతురు, అంతే. వినువానికే కంట నీరు తిరుగును. కరుణశ్రీగారి ‘కుంతికుమారి’ పద్యములు సయితము ఇట్టివే. కన్నబిడ్డను నీటిపాలు చేయవలసివచ్చిన కన్య తత్తరపాటును ఊపిరి ఆపుటలోనే చూపిరి. పుస్తకముగా కొన్నివేలమందికి చేరగల కావ్యము ఈ రికార్డులతో అక్షరము రాని ఇండ్లకును చేరినది.

జంషెడ్‌పూరు వంటి ఊళ్ళలో ఈ మాటకు అర్థము మరింత పెద్దది. ఉక్కు కర్మాగారములో పని వెదకికొనుచు శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలనుండి వచ్చిన తెలుగు కుటుంబములు ఇచట తరములుగా కలవు. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము వారు నిలుపుకొన్నదే. ఇచట పుట్టిన పిల్లలకు బడిలో హిందీ, ఇంగ్లీషు. తెలుగు ఓనమాలు ఇంటిలో నేర్పిననే రావలయును, నేర్పుటకు తీరిక ఎందరికి? అట్టి పిల్లలకు తెలుగు పద్యము చెవి ద్వారముననే లోపలికి పోవలయును. ఘంటసాలవారి ఉచ్చారణ అందుకు చాలినంత బడి.

1970లో పద్మశ్రీ బిరుదము, 1971లో అమెరికా, ఐరోపా పర్యటన లభించినవి. అప్పటికే మధుమేహము పీడించుచుండెను. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ సేయుచుండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రి పాలైరి. ఆ పిదపనే భగవద్గీతను రికార్డు చేయుటకు పూనుకొనిరి. మూలమునుండి సుమారు నూరు శ్లోకములను ఏరి, వరుసలు తామే కట్టి, తెలుగు తాత్పర్యమును సయితము తామే చదివిరి. గురుపుత్రులగు పట్రాయని సంగీతరావుగారు సహాయకులుగా ప్రక్కన నిలచిరి. విజయనగరములో తండ్రి పెట్టిన విద్యకు మదరాసులో కుమారుడు తోడైనాడు.

అప్పటికి లక్కకాలము గడచి వినైలు లాంగ్‌ప్లే రికార్డు వచ్చియుండెను. ఒక ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పట్టును. మూడు నిమిషముల గాయకునికి ఇంత వ్యవధి దొరకినప్పుడు ఆయన దానిని రాగముతో నింపలేదు. శ్లోకము, తాత్పర్యము, మరల శ్లోకము, అంతే. కంఠము ‘పాతాళభైరవి’ నాటిది కాదని నిజము చెప్పవలయును. పైస్థాయి సన్నగిల్లినది, ఊపిరి పొట్టియైనది. కాని బంధువులను చూచి విల్లు జారవిడిచిన అర్జునునికి ధైర్యము చెప్పు సందర్భమునకు పడుచు గొంతు కంటె ఈ బరువైన గొంతే నప్పినది.

1974 ఫిబ్రవరి 11వ తేదీన మదరాసులో, 51 సంవత్సరముల వయస్సున, ఘంటసాలవారు కన్నుమూసిరి. గీత రికార్డు ఆ ఏడే, ఆయన లేని పిమ్మట, వెలువడినది. తెలుగునాట దేవాలయములలో తెల్లవారుజామున వినిపించుచుండిన ఆ రికార్డును రానురాను మృతుని ఇంటిముందు పెట్టుట ఆచారమైనది. అందుచేత వీధిలో ఆ గొంతు వినబడగానే ఎవరు పోయినారని అడుగుట, ఇంటిలో పిల్లలు పెట్టబోయిన అశుభమని ఆపివేయుట కూడ కలదు. ఆయన దానిని పోయినవారి కొరకు పాడలేదు. గుండెజబ్బుతో లేచి కూర్చుండి, చేయవలసిన పని ఇంకను ఉన్నదని తలచి పాడిరి.