సూసన్న – ముండ్లలోని పద్మము



మూడవసారియు ఆడపిల్లయే పుట్టెనని దిగులుపడిన యొక తండ్రి నాయొద్దకు వచ్చి, బాప్తిస్మమునకు ఏ పేరైనను సరేననెను. నేను సూసన్న అని చెప్పితిని. ఎందుకో మీకును తెలియవలెను.

హెబ్రీ భాషలో షోషన్నా అనగా పద్మము. పరమగీతము 2వ అధ్యాయములో ముండ్లపొదల నడుమ కనబడు పువ్వు ఇదియే. లూకా సువార్త 8వ అధ్యాయములో, తమ ఆస్తితో ప్రభువునకు ఉపచారము చేసిన స్త్రీలలో సూసన్న ఒకతె. ఆమెను గూర్చి పేరు తప్ప మరేమియు వ్రాయబడలేదు. అయినను ఆమె సేవ మరువబడలేదు.

ఈ పేరు ధరించిన సూసన్నా వెస్లీ 1669లో లండనులో ఒక బోధకుని యింట ఇరువదియైదవ బిడ్డగా పుట్టెను. 1688లో సామ్యూల్ వెస్లీని వివాహమాడెను. పందొమ్మండుగురు బిడ్డలను కనగా తొమ్మండుగురు పసితనముననే చనిపోయిరి. 1705లో భర్త అప్పులవలన చెరసాల పాలయ్యెను. ఆమె తన ఉంగరములను తీసి పంపగా ఆయన వాటిని తిరిగి పంపివేసెను. 1709లో ఎప్‌వర్త్ గ్రామమందలి వారి యిల్లు కాలిపోయెను. అయిదేండ్ల జాన్‌ను కిటికీలోనుండి దింపి రక్షించిరి.

ఇన్ని ముండ్ల నడుమను ఆమె బిడ్డల చదువు మానలేదు. అయిదేండ్లు నిండగానే అక్షరములు నేర్పెను. వారమునకొక సాయంకాలము ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా కూర్చుండి ఆత్మసంగతులు మాటలాడెను. బాగుగా చదువ నేర్చువరకు ఏ ఆడపిల్లకును పని నేర్పరాదని నియమము పెట్టెను. 1712 ప్రాంతమున భర్త లండనులో నుండగా, ఆదివార సాయంకాలములందు ఆమె యింట ప్రసంగములు చదువుచుండెను. ఇరుగుపొరుగువారు కూడిరాగా ఇన్నూరుమంది వరకు అయిరి. కుమారులైన జాన్, చార్లెస్ మెథడిస్టు ఉజ్జీవమునకు నాయకులైరి. 1742లో ఆమె ప్రభువునందు నిద్రించెను.

ఈ సంగతులన్నియు చెప్పి, ఈ బిడ్డ చదువ నేర్చువరకు మేకల వెంట పంపవద్దని ఆ తండ్రిని వేడుకొంటిని. ఆయన తలవంచుకొని వెళ్లిపోయెను. అప్పటికే పెద్దపిల్లలిద్దరును మేకలు కాచుచుండిరి. బాప్తిస్మమైన మరునాడు రెండవ పిల్లను చేయిపట్టుకొని, పలకతో బడికి తెచ్చెను. పెద్దది ఇంకను మేకలయొద్దనే యున్నది. దానికొరకు ప్రార్థించుడి, మీ యింటి సూసన్నలను కూడ తలంచుకొనుడి. పేరు పెట్టుట ఒక దినపు పని; ముండ్లలో పువ్వును కాపాడుట దినదినము చేయవలసిన పని. దేవుడు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.