పురుషోత్తమ చౌదరి

పురుషోత్తమ చౌదరి (సెప్టెంబరు 5, 1803 - ఆగష్టు 25, 1890) తెలుగు క్రైస్తవ కవి, కీర్తనకారుడు, సువార్తికుడు. ఉత్తరాంధ్రలో, ముఖ్యముగా శ్రీకాకుళం ప్రాంతంలో, అర్ధ శతాబ్దానికి పైగా క్రైస్తవ మత ప్రచారము చేసినాడు. సుమారు 130 కీర్తనలు రచించినాడని ప్రతీతి. వాటిలో అనేకము ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో చేరి, శాఖాభేదము లేకుండా తెలుగు ప్రొటెస్టంటు సంఘాలన్నింటిలో నేటికీ పాడబడుచున్నవి. ఆంధ్ర క్రైస్తవ పదకవితా పితామహుడని ఈయనకు పేరు.

పుట్టుక, కుటుంబము

చౌదరి అప్పటి గంజాం జిల్లా పర్లాకిమిడి తాలూకాలోని మదనపురం గ్రామంలో జన్మించినాడు. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. వీరిది వంగదేశమునుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబము. పేరు చివరి "చౌదరి" అన్న పదాన్ని చూసి నేటి పాఠకులు ఈయనను కోస్తా జిల్లాల రైతు కుటుంబాలకు చెందినవాడని పొరబడుట కద్దు. ఇది వంగదేశపు ఇంటిపేరు మాత్రమే.

ఇంటివారి పేర్లే ఆ కుటుంబపు భక్తిని చెప్పుచున్నవి. తండ్రి పేరు శ్రీకాకుళం సమీపమున ఉన్న శ్రీకూర్మ క్షేత్రములోని దేవునిది. తల్లి పేరు పూరీ జగన్నాథుని చెల్లెలిది. కుమారునికి పెట్టినది ఆ జగన్నాథుని నామాంతరమే. మతము మారిన తరువాత కూడా ఈయన తన పేరు మార్చుకొనలేదు. క్రైస్తవ కీర్తనల క్రింద వైష్ణవ నామము నేటికీ అచ్చవుచున్నదన్నమాట.

తెలుగు, ఒరియా, వంగ భాషలు, సంస్కృతము ఈయనకు తెలియును. పర్లాకిమిడి సీమలో తెలుగు, ఒరియా రెండూ ఇంటి భాషలే గనుక ఇందులో ఆశ్చర్యము లేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు ఈ సీమ రెండుగా చీలినది. పర్లాకిమిడి పట్టణము ఒరిస్సాకు పోగా, తెలుగు గ్రామములు అనేకము ఇటువైపు మిగిలినవి. 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో ఇవి చేరినవి. చౌదరి కాలమున ఈ హద్దులు లేవు. ఆయన జీవితములో కటకము, శ్రీకాకుళం ఒకే దారిలోని రెండు మజిలీలు.

ఆనాటి పరిస్థితులు

లండన్ మిషనరీ సొసైటీవారు జార్జి క్రాన్, అగస్టస్ దే గ్రాంజెస్ అను ఇద్దరిని పంపగా వారు 1805లో విశాఖపట్నం చేరినారు. ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని సహాయముతో సువార్తల తెలుగు అనువాదము సాగినది. దే గ్రాంజెస్ 1810లో మరణించగా, మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి. కొత్త నిబంధన మొత్తము 1818లో మద్రాసులో వెలువడినది. పుస్తకములైతే వచ్చినవిగాని, మొదటి మూడు దశాబ్దములలో విశాఖ మిషను బోధను అంగీకరించినవారు అతి స్వల్పము. బోధకులు పరదేశులు, వారి తెలుగు పుస్తకపు తెలుగు.

ఉత్తరాన కటకములో ఇంగ్లండునుండి వచ్చిన జనరల్ బాప్టిస్టు మిషనువారు పనిచేయుచుండిరి. వారి వద్ద మొదట బాప్తిస్మము పొందినది ఒరియావాడు కాదు, ఎర్రన్ అను తెలుగువాడు. ఇది 1827 డిసెంబరు 25న బరంపురంలో జరిగినది. మరుసటి సంవత్సరము కటకములో గంగాధర్ అను ఒరియా బ్రాహ్మణుడు వారితో చేరినాడు. పూరీకి కాలినడకన పోవు యాత్రికులకు ఆ మిషనువారు కరపత్రములు పంచుచుండిరి. తెలుగు దేశమునుండి జగన్నాథమునకు పోవు బాట శ్రీకాకుళం, ఇచ్ఛాపురం, బరంపురంల మీదుగానే సాగును.

మతాంతరము

చౌదరి మొదట వైష్ణవ భక్తుడు. పాప విమోచన, మోక్షముల విషయమై ఈయనకు తీవ్రమైన అన్వేషణ ఉండెడిది. తొలుత చేతికి వచ్చినది ఒక తెలుగు కరపత్రము. ఆ తరువాత శ్రీకాకుళంలో ఉండిన హెలెన్ నాట్ అను స్త్రీ వద్ద కొత్త నిబంధన లభించినది. ఆ రోజులలో ఒక బ్రాహ్మణునికి క్రైస్తవ గ్రంథమును అందించినది ఒక స్త్రీ అన్న సంగతి ఈ చరిత్రలో గమనింపదగినది. విశాఖపట్నం మిషనువారితోను చర్చలు జరిపిన పిమ్మట ఈయన కటకము వెళ్ళినాడు. అక్కడ 1833 అక్టోబరు 6న చార్లెస్ లేసీ చేత బాప్తిస్మము పొందినాడు. అప్పటికి వయస్సు 30 సంవత్సరములు.

జందెమును విడిచిన బ్రాహ్మణుడు ఆనాడు ఏమేమి కోల్పోవునో నేటి విద్యార్థులకు కొంత వివరింపవలసి ఉన్నది. బంధువులు అతనితో కలిసి భుజింపరు. ఇంట కాలు పెట్టనీయరు. పౌరోహిత్యము, దానితోబాటు వచ్చు ఆదాయము పోవును. పిత్రార్జితముపై హక్కు కూడా సందేహమున పడును. మతము మారిననూ వారసత్వపు హక్కు పోదని చెప్పు చట్టము కంపెనీ ప్రభుత్వము 1850లో గాని చేయలేదు. చౌదరి మతము మారినది అంతకు 17 సంవత్సరములు ముందు. పైగా అదే సమయమున పర్లాకిమిడి సీమ కల్లోలములో ఉన్నది. జమీందారీ తిరుగుబాట్లను అణచుటకు 1832లో జార్జి రస్సెల్‌ను ప్రభుత్వము ప్రత్యేకముగా నియమించి, సైన్యమును పంపినది. తెల్లవారి పట్ల అనుమానము అంతటా నిండిన ఆ రోజులలో, వారి మతములో చేరినవానిని ఊరు ఎట్లు చూచియుండునో ఊహించుట కష్టము కాదు.

అన్నింటికన్న కఠినమైనది భార్య రాధామణితో ఏర్పడిన ఎడబాటు. కొంత కాలమునకు ఆమె భర్త వద్దకు వచ్చి, తానును క్రైస్తవురాలై, ఆయన పనిలో తోడుగా నిలిచినది.

తిరిగి తెలుగు సీమకు

కటకములో చౌదరికి ఆశ్రయము ఉన్నది, తోటి విశ్వాసులు ఉన్నారు, ఒరియా భాష కూడా వచ్చును. అక్కడనే ఉండిపోయిన అడిగెడివారు లేరు. ఆయన అట్లు చేయలేదు. తనను వెలివేసిన సీమకే తిరిగి వచ్చి, లండన్ మిషనువారితో కలిసి విశాఖపట్నం, శ్రీకాకుళంలలో పని ప్రారంభించినాడు. విన్నదానిని విననివారికి చెప్పవలెనన్న ఆత్రమే దీనికి కారణమని ఆయన తరువాతి జీవితమంతయు సాక్ష్యమిచ్చుచున్నది. మిషను జీతము కొరకు మతము మారినారన్న ఆరోపణ ఆ కాలపు దేశీయ బోధకులందరిపైనను ఉండెడిది. చౌదరి విషయములో అది నిలువదు. పోగొట్టుకున్నదానికి, దొరికినదానికి పొంతన లేదు.

శ్రీకాకుళం అప్పటికి పాత వైభవము తగ్గిన పట్టణము. నిజాము కాలమున ఉత్తర సర్కారులలో ముఖ్య స్థానము. ఇంగ్లీషువారు దీనిని చికాకోల్ అని వ్రాసెడివారు. (కృష్ణా జిల్లాలోని శ్రీకాకుళం వేరు.) నాగావళి ఒడ్డున ఉన్న ఈ ఊరిలో సైనికులు, నేతగాండ్రు, వర్తకులు, పండితులు, హిందువులు, ముస్లిములు కలిసి నివసించెడివారు. మద్రాసు నుండి కలకత్తాకు పోవు పెద్ద బాట ఊరి మీదుగా పోవును. మాటాడదలచినవానికి వినువారు కరువు కారు.

అమెరికా బాప్టిస్టుల తెలుగు మిషను స్థాపకుడైన శామ్యూల్ డే కూడా 1836లో విశాఖపట్నంలో దిగి, కొంతకాలము శ్రీకాకుళంలో నివసించి, అటు పిమ్మటనే మద్రాసుకు, 1840లో నెల్లూరుకు తరలిపోయినాడు. ఒంగోలు, నెల్లూరు సీమలలో తరువాత వేల సంఖ్యలో జరిగిన మత ప్రవేశములకు దారి ఒక విధముగా ఈ చిన్న పట్టణము గుండా సాగినదే.

సువార్త యాత్రలు

చౌదరి ఒక్కచోట నిలిచిన బోధకుడు కాడు. ఉత్తరాన కటకము, బరంపురంల నుండి దక్షిణాన మద్రాసు వరకు సంచరించినాడు. ఈ తీరమున రైలు మార్గము 1890 దశకములో గాని పడలేదు. అంటే ఆయన జీవితకాలములో ఉత్తరాంధ్రకు రైలు రానేలేదు. నడక, ఎడ్లబండి, పల్లకి, సముద్రముపై పడవ, ఇవే సాధనములు. వంశధార, నాగావళి పొంగినచో దాటుటకు రోజులు వేచియుండవలెను.

సంతలలో, తీర్థములలో, గ్రామముల రచ్చలలో ప్రసంగించుట ఆనాటి బోధకుల పద్ధతి. చౌదరికి దీనిలో పరదేశ మిషనరీలకు లేని సౌలభ్యము ఉన్నది. పురాణము చదివి అర్థము చెప్పు సంప్రదాయములో పెరిగినవాడు. శ్లోకము, పద్యము, పదము ఆయన నోట సహజముగా పలుకును. పండితుడు సంస్కృతములో ప్రశ్నించినచో సంస్కృతము తెలిసిన సమాధానము దొరకును. పామరునికి పాట దొరకును. అయితే ఇదే ఆయనకు చిక్కు కూడా. పరదేశి చెప్పినచో అది వారి మతమని జనులు ఊరకుందురు. తమలో పుట్టినవాడు, అందులో బ్రాహ్మణుడు, చెప్పినప్పుడు ఊరకుండుట సాధ్యము కాదు.

"సువార్త" అన్న మాటకు మంచి కబురు అని అర్థము. చౌదరి దానిని శాస్త్రముగా కంటె కబురుగానే మోసుకొని తిరిగినాడు. ఫలితము లెక్కలలో చూచినచో పెద్దది కాదు. ఆయన పనిచేసిన కాలములో శ్రీకాకుళం ప్రాంతపు సంఘములు చిన్నవి. ఐదు దశాబ్దములు ఇట్లు తిరిగిన మనిషిని నిలబెట్టినది సంఖ్య కాదని దీనినిబట్టి తెలియుచున్నది. ఆయన పాటలలోని ఉల్లాసము ఆ కారణమును పట్టి ఇచ్చును.

కీర్తనలు

అంతకు ముందు తెలుగు సంఘములలో ఇంగ్లీషు పాటలకు చేసిన అనువాదములు పాడబడుచుండెడివి. పరదేశపు బాణీకి తెలుగు మాటలను సరిపెట్టినప్పుడు హ్రస్వము దీర్ఘమగును, దీర్ఘము హ్రస్వమగును, యతి ప్రాసలు ఎగిరిపోవును. పాడువానికే అర్థము కాని పాట వినువానికి ఏమి తెలియును? చౌదరి పల్లవి, చరణములు గల దేశీయ కీర్తన రూపమును గైకొని, దానిని రాగ తాళములతో కూర్చినాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాటకు పైన రాగము, తాళము ముద్రించు పద్ధతి ఈ సంప్రదాయమునుండి వచ్చినదే.

భాషలో భక్తి కవుల ఒరవడి స్పష్టముగా కనిపించును. శరణాగతి, దైన్యము, దాసభావము, తన దోషములను ఏకరువు పెట్టి దయ చూపుమని వేడుకొనుట, ఇవన్నీ వైష్ణవ కీర్తనలు వినిన చెవికి కొత్తవి కావు. వేడుకొనబడు దేవుడు మాత్రము వేరు. మరియొక తరహా కీర్తనలు కూడా ఉన్నవి. వీటిలో కవి తన వైపు గాక జనుల వైపు తిరిగి వారిని పిలుచును, క్రీస్తు పుట్టుకను వేడుకగా చాటును. మొదటి తరహాలో దుఃఖము, రెండవ తరహాలో సంతోషము ప్రధానము. ఈ రెండూ ఒకే మనిషివని మరచినచో ఆయనను సగమే చదివినట్లు. తాను మోసిన భారము దిగినదన్న నమ్మకమే రెండవ తరహా పాటలలోని పిలుపునకు బలము.

దోషములు లేకపోలేదు. కొన్ని కీర్తనలలో సంస్కృత సమాసములు మితిమీరినవి. చదువురాని విశ్వాసులకు ఇవి కొరుకుడు పడని చోట్లు ఉన్నవి. అయినను అక్షరము రాని వృద్ధ స్త్రీలు సైతము వీటిని కంఠస్థము చేసి పాడుట ఉత్తరాంధ్ర పల్లెలలో సాధారణము. బాణీ పట్టుకున్న తరువాత అర్థము మెల్లగా వెంట వచ్చును కాబోలు.

ఇతర రచనలు

నిస్తార రత్నాకరము, కులాచార పరీక్ష, ముక్తిమార్గ ప్రదర్శనము, యేసు నాయక శతకము మున్నగునవి ఈయన ఇతర రచనలు. యేసు నాయక శతకము తెలుగు శతక సంప్రదాయమును క్రైస్తవ వస్తువుతో నింపిన తొలినాటి యత్నములలో ఒకటి. కులాచార పరీక్ష పేరుకు తగినట్లు కుల భేదమును విమర్శించునది. కులము వలన లాభము పొందిన వర్గములో పుట్టి, దానిని విడిచినవాడు వ్రాసినది కనుక దీనికి చారిత్రక విలువ కలదు. ఖండన గ్రంథములలో ఆనాటి మిషనరీల కరకు ధోరణి కొంత చౌదరిలోను ఉన్నది. ఆయన కీర్తనలను ఆదరించు పాఠకులు కూడా ఈ గ్రంథములను ఇప్పుడు అంతగా చదువుట లేదు.

తరువాతి కాలము

1870 దశకములో కెనడా బాప్టిస్టు మిషనువారు ఉత్తరాంధ్రకు వచ్చినారు. భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి, తరువాత విజయనగరం మొదలైనవి వారి కేంద్రములైనవి. అప్పటికి చౌదరి వృద్ధుడు. ఆ మిషను పాఠశాలలలో, సంఘములలో పెరిగిన తరములు తెలుగు పాటను ఆయన కీర్తనల ద్వారానే నేర్చుకొన్నవి. చౌదరి 1890 ఆగష్టు 25న తన 87వ ఏట మరణించినాడు.

ఈయన కీర్తనలు లూథరన్, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘము మొదలైన శాఖలన్నింటికీ ఉమ్మడి ఆస్తి. సిద్ధాంతములలో ఏకీభవింపని శాఖలు ఒకే పుస్తకము చేతబట్టి ఈయన పాటలు పాడుట విశేషము. తెలుగు క్రైస్తవ కీర్తనలలోని భక్తి తత్త్వముపై ఆర్. ఆర్. సుందరరావు చేసిన పరిశోధన 1983లో గ్రంథముగా వెలువడినది. సాధారణ తెలుగు సాహిత్య చరిత్రలలో మాత్రము చౌదరికి దొరికిన చోటు బహు తక్కువ. పదకవితా పితామహుడన్న బిరుదు తాళ్ళపాక అన్నమాచార్యులది. దానినే ముందు "ఆంధ్ర క్రైస్తవ" అని చేర్చి చౌదరికి ఇచ్చుకొన్నది ఆయన పాటలు పాడుకొన్న సంఘములు.