క్లౌ దొర

ఒంగోలు ప్రాంతమునుండి వచ్చిన మన సభ్యులకు క్లౌ దొర పేరు క్రొత్తది కాదు. తాతలనాటి ముచ్చటలలో ఆ పేరు వినియే యుందురు. ఒక్క దినమున రెండువేల పైచిలుకు జనులు బాప్తిస్మము పొందిన ఘట్టముతో ఆయన కీర్తి ముడివడియున్నది. కాని నా మట్టుకు నాకు ఆయన గొప్పతనము ఆ దినమునకంటె, దానికి ముందు గడచిన పదునైదు మాసములలో ఎక్కువగా కానవచ్చుచున్నది.

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జూలై 16వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. తరువాత ఆ కుటుంబము పడమటికి తరలిపోయి అయోవాలో స్థిరపడెను. యౌవనమున ఆయన మిన్నెసోటా అడవులలో ప్రభుత్వమువారి భూముల కొలతపనిలో చేరి, డిప్యూటీ సర్వేయరు పదవివరకు ఎదిగెను. అనగా ఆయనయు మనవలెనే కొంతకాలము ప్రభుత్వోద్యోగియే. అప్పటికి ఆయనకు మతవిషయములందు ఆసక్తి లేదు. న్యాయవాది కావలెనను కోరికతో కళాశాలలో చేరి, అచ్చట విశ్వాసియై, కడకు 1865లో భార్య హారియట్టుతో కూడ నెల్లూరు చేరెను. ఆ తెలుగు మిషనును మూసివేయుదుమా అని అమెరికాలోని సంఘమువారు అదివరకే పలుమారులు తర్జనభర్జనలు పడియుండిరి. 1866లో ఆయన ఒంగోలునకు మకాము మార్చెను. 1867 జనవరి 1న అచ్చట ఏర్పడిన సంఘములో సభ్యులు ఎనమండుగురే.

ఆరంభముననే ఒక చిక్కు వచ్చిపడెను. ఊరిలోని అగ్రవర్ణములవారు కొందరు ఆయన బోధయందు ఆదరము చూపిరి. వారి బాలురు బడికి రాసాగిరి. అంతలో పల్లెలనుండి మాదిగలు బాప్తిస్మము కోరి వచ్చిరి. వీరిని చేర్చుకొన్నచో మేము రామని పెద్దలు నిష్కర్షగా చెప్పిరి. పలుకుబడియు, ధనమును, చదువును ఉన్నవారిని వదలుకొనుట ఎట్లు? దిక్కులేనివారిని తరిమివేయుట ఎట్లు? ఆయన మథనపడి బైబిలు తెరవగా, దేవుడు లోకములోని అల్పులను ఏర్పరచుకొనెనని పౌలు కొరింథీయులకు వ్రాసిన భాగము కంటబడెను. వేరొక గదిలో ఆయన భార్యయు, భర్త సంగతి తెలియకయే, ఆ భాగమునే తెరచెనట. దీనిని దైవసంకల్ప మనువారు అనవచ్చును, కాకతాళీయ మనువారు అనవచ్చును. ఆయన మాత్రము మరి వెనుకకు చూడలేదు. అగ్రవర్ణముల బాలురు బడి విడిచిపోయిరి.

ఆ మాదిగలలో ముఖ్యుడు తాళ్లకొండపాడు నివాసి ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారము చేయుచు ఊరూర తిరిగినవాడు, యోగసాధన చేసినవాడు, గురువులను ఆశ్రయించి తత్త్వవిచారము చేసినవాడు. క్రైస్తవము దొరలవలన ఈ పల్లెలకు వచ్చెనని మనము తేలికగా అనుకొందుము. కాని పేరయ్యయే ముందు నడచి, దొరను తన ఊరికి రప్పించెను. క్లౌ దొర 1867 జనవరిలో అచ్చటి చింతతోపున గుడారము వేయగా, కొలది దినములలో 28 మంది బాప్తిస్మము పొందిరి.

వారికి విధింపబడిన నియమములు మూడు: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన గొడ్డుమాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు చిన్నవి. పల్లెజీవితము ఎరిగినవారికే వీని బరువు తెలియును. చచ్చిన పశువు మాదిగకు కూలిలో భాగము. దానిని కాదనుట అన్నమును కాదనుటయే. జాతరలో డప్పు కొట్టుట వాని విధి. కొట్టనన్నచో ఊరి కట్టుబాటు తప్పినట్లే. ఇక కోతలనాడు ఆదివారమని పాలేరు ఇంట కూర్చున్నచో ఆసామి ఊరకుండునా? దెబ్బలు తగిలెను, పనులు పోయెను, నీళ్లకు సైతము అడ్డంకులు వచ్చెను. వారి విశ్వాసము గుడిలో కాదు, పొలముగట్టున పరీక్షకు నిలిచెను. దొర గుఱ్ఱమెక్కి ఊరూర తిరిగి గ్రామాధికారులతో మాటలాడుచుండెడివాడు. కాని ఆయన గుఱ్ఱము ఊరి పొలిమేర దాటిన పిదప దెబ్బలు కాచుకొనవలసినది వారే కదా!

ఇట్లుండగా 1876లో మహాక్షామము సంభవించెను. వానలు లేవు, పంటలు లేవు, ధాన్యము ధర మిన్నంటెను. కృష్ణా డెల్టాను మద్రాసుతో కలుపు బకింగ్‌హాం కాలువ త్రవ్వకమును ప్రభుత్వమువారు క్షామనివారణ పనిగా చేపట్టిరి. కాని ఆ పనులకు పోయిన బీదలు మేస్త్రీల చేతులలో మోసపోవుచు, ఆకలిచే వ్రాలుచుండిరి. క్లౌ దొర ఒక నిశ్చయమునకు వచ్చి, మూడు మైళ్లకు పైగా కాలువ త్రవ్వకమును తానే కంట్రాక్టుగా తీసికొనెను. మిన్నెసోటాలో నేర్చిన కొలతవిద్య ఇన్నేండ్లకు అక్కరకు వచ్చెను. రాజుపాలెమువద్ద తాటాకుల పాకలు వేయించెను. పారలు, గడ్డపారలు, తట్టలు సమకూర్చెను. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. ప్రసంగములు చేయువారు టేపు పట్టి మట్టి కొలిచిరి, హాజరు వ్రాసిరి, కూలి లెక్కపెట్టి ఇచ్చిరి. క్రైస్తవులు, కానివారు అను భేదము పాటింపక పని ఇచ్చిరి. కలరా సోకినప్పుడు రోగుల ప్రక్కను నిలిచిరి. విశ్రాంతివేళల కూలివారి నడుమ కూర్చుండి తమకు తెలిసిన నాలుగు మాటలు చెప్పిరి. మస్టరురోలును, ప్రార్థనయు ఒకే చేతిమీద నడచినవి. లెక్కల కాగితములతో కాలము గడుపు మనవంటివారు ఈ సంగతి ఒకసారి తలపోయదగినది.

ఆ జనులలో వేలమంది క్రైస్తవులమగుదుమని వేడుకొనిరి. ఇచ్చటనే ఆయన నిగ్రహము చూడదగినది. కూటికొరకు మతము మారిరను మాట రాకుండవలెనని, తానును అట్లు మోసపోరాదని, కఱవున్నంతకాలము, సుమారు 15 మాసములు, ఒక్కరికిని బాప్తిస్మ మీయలేదు. సంఖ్యలు చూపి స్వదేశమున మెప్పు పొందుటకు అంతకంటె మంచి అదను మరి దొరకదు. అయినను ఆయన నిలిచెను. 1878లో పనులు ముగిసెను. ఇక మావద్ద సహాయము లేదు, సహాయము కోరువారు రావలదని కబురు పంపెను. అయినను జనులు వచ్చిరి.

ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మ ఒడ్డుననున్న వెల్లంపల్లిలో జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 702 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నదిలో నిలిచి ఆ కార్యము నెరవేర్చిరి. 3వ తేదీన దొర తాను నీటిలో దిగనేలేదు. ఆ యేడాది ముగియునప్పటికి సంఖ్య 9,606కు చేరెను.

విమర్శలు రాకపోలేదు. తోటి మిషనరీలలోనే కొందరు, ఇంతమందిని ఇంత త్వరగా చేర్చుకొనుట తగదనిరి. ఆ ఆక్షేపణ పూర్తిగా త్రోసివేయదగినది కాదు. వేలమందికి చదువు చెప్పుటకు బడులు చాలలేదు, గురువులు చాలలేదు. కఱవునాటి ఆదరమే వారిని ఆకర్షించెననుటయు కొంతవరకు నిజమే కావచ్చును. కాని ఆకలిగొన్ననాడు కూలి ఎగవేయక ఇచ్చినవానిని నమ్ముట తప్పని ఎవరనగలరు?

హారియట్టమ్మ 1893లో మరణించెను. తరువాత ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్ అను విదుషిని వివాహమాడెను. మాదిగల యోగసంప్రదాయములను, పేరయ్య వంటివారి కథలను శ్రద్ధతో సేకరించి 1899లో గ్రంథముగా వెలువరించినది ఆమెయే. భర్త చెప్పిన స్వీయచరిత్రను వ్రాసి 1914లో అచ్చువేయించినదియు ఆమెయే. అది అచ్చగుటకు నాలుగేండ్లు ముందే, 1910 నవంబరు 24న, క్లౌ దొర అమెరికాలోని రోచెస్టరులో కన్నుమూసెను. రాజుపాలెమువద్ద ఆయన త్రవ్వించిన కాలువలో అప్పటికి ముప్పది యేండ్లనుండి పడవలు నడచుచుండెను.