కనబడని గాయాల వైద్యుడు డాక్టరు రివర్సు

ఇంగ్లండులో కెంటు మండలాన ఛాటం పట్టణానికి చేరువగా లూటన్ అనే గ్రామం ఉన్నది. 1864 మార్చి 12వ తేదీన ఆ గ్రామంలో విలియం హాల్స్ రివర్సు జన్మించినాడు. తండ్రి హెన్రీ రివర్సు క్రైస్తవ మతగురువు. నత్తివారికి మాట దిద్దడంలో దిట్ట. పిల్లలకు చిరపరిచితమైన ఆలిస్ కథ వ్రాసిన లూయీ కేరల్ కూడా నత్తి మాన్పించుకొనడానికి ఆయన వద్దకు వచ్చినవాడే. మేనమామ జేమ్సు హంటు సయితం ఆ విద్యలో పేరెన్నిక గన్నవాడు. అటువంటి ఇంట పుట్టిన బిడ్డకే నత్తి పట్టుకొన్నది. అది ఆయనను బ్రతికినంత కాలం పూర్తిగా విడిచిపెట్టలేదు. మాట పెగలని వాని మనస్సులో ఏముంటుందో రివర్సు పుస్తకాలు చదివి తెలుసుకొనవలసిన అవసరం లేకపోయినది.

బాల్యంలో మరొక వింత కూడా జరిగినది. అయిదేండ్ల ప్రాయం వరకు తాను నివసించిన ఇంటిలో క్రింది అంతస్తు ఆయనకు పెద్దయిన తరువాత కూడా కన్నులకు కట్టినట్లు జ్ఞాపకముండేది. మేడమీద ఏమున్నదో మాత్రం ఎంత ప్రయత్నించినా స్ఫురణకు వచ్చేది కాదు. ఆ ప్రాయం దాటిన పిమ్మట మెలకువలో ఆయన మనోనేత్రానికి ఏ దృశ్యమూ స్పష్టంగా తోచేది కాదు. పైగదులలో ఏదో అప్రియమైనది జరిగి ఉండాలనీ, పసిమనస్సు దానిని మూసివేసినదనీ ఆయన తరువాతి కాలంలో ఊహించినాడు. మరపు అంటే నశించడం కాదనీ, మూతపడడమనీ ఆయన ఆలోచించడానికి మొదటి ఉదాహరణ ఆయనే.

టన్‌బ్రిడ్జి పాఠశాలలో చదివేటప్పుడు సన్నిపాతజ్వరం వచ్చి కేంబ్రిడ్జి విద్యార్థివేతనం ఆశ అడుగంటినది. లండనులోని సెయింట్ బార్థలోమ్యూ వైద్యశాలలో చేరి 1886లో, ఇరువదిరెండేండ్లకే, వైద్యపట్టం పుచ్చుకొన్నాడు. కొంతకాలం ఓడ వైద్యుడుగా దేశాలు తిరిగినాడు. నరాల జబ్బులకు లండనులో ఉన్న జాతీయ వైద్యశాలలో పనిచేస్తూ హెన్రీ హెడ్ అనే వైద్యునితో స్నేహం చేసినాడు. 1893లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఇంద్రియజ్ఞానం గురించి పాఠాలు చెప్పడానికి పిలిచినది. అక్కడ మనశ్శాస్త్రానికి ఒక ప్రయోగశాల వెలసినది రివర్సు చేతుల మీదుగానే. నత్తితోనే పాఠాలు చెప్పినాడు.

1898లో ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టోరెస్ జలసంధి ద్వీపాలకు హేడన్ అనే పండితుడు ఒక పరిశోధక బృందాన్ని తీసికొని పోయినాడు. రివర్సు అందులో ఉన్నాడు. చూపును, స్పర్శను పరీక్షించడానికి పోయినవాడు, ఎవరికెవరు ఏమవుతారో ఒక్కొక్కరినే అడిగి వంశవృక్షాలు వ్రాసుకొనడంలో మునిగిపోయినాడు. ఆ పద్ధతి మానవశాస్త్రంలో నేటికీ నిలిచి ఉన్నది.

ఆ పనిమీదనే 1901-02లో ఆయన మన దేశానికి వచ్చినాడు. నీలగిరులలో తోడవారు అప్పటికి ఎనిమిది వందల మంది మాత్రమే. వారి మధ్య కొన్ని నెలలుండి, ఇంటింటి వంశావళి సేకరించి, 1906లో వారిని గురించి ఒక ఉద్గ్రంథం వెలువరించినాడు. నీలగిరి మండలమూ, నెల్లూరు మండలమూ నాడు ఒకే చెన్నరాజధానిలోనివి. ఆ మరుసటి ఏడు, అంటే 1907లో, ఆయన హిందూదేశంలోని మేనరికాలను గురించి ఒక వ్యాసం ప్రకటించినాడు. నాడు నెల్లూరు మండలంలోనిదైన, స్వర్ణముఖి దాపున ఉన్న వాకాడులో ఏ బడిపిల్లవానిని అడిగినా తల్లి తోడబుట్టినవాడు మామ అనీ, పిల్లనిచ్చినవాడూ మామయే అనీ, తండ్రి తోబుట్టువు అత్త అనీ, భార్య తల్లి కూడ అత్తయే అనీ తడుముకొనకుండా చెప్పగలడు. రెండు వరుసలకు ఒకే మాట ఎందుకు వచ్చినదని మనం ఆలోచించము. రివర్సు ఆలోచించినాడు. పెండ్లి ఆచారం వరుసల పేర్లలో భద్రమై ఉంటుందని ఆయన వాదం. మనుష్యుల నోట వెలువడే మామూలు మాటను కూడ శ్రద్ధగా వినే అలవాటు ఈ పరిశోధనల వల్లనే ఆయనకు బలపడినదని చెప్పవచ్చును.

ఇక నొప్పి సంగతి. 1903 ఏప్రిల్ 25వ తేదీన హెన్రీ హెడ్ తన ఎడమచేతి నరం ఒకటి శస్త్రవైద్యుని చేత కోయించుకొన్నాడు. జబ్బేమీ లేదు. తెగిన నరం అతుకుకొనేటప్పుడు స్పర్శ ఏ క్రమంలో తిరిగి వస్తుందో తెలుసుకొనవలెనని కోరిక. నాలుగు సంవత్సరాలు తీరిక దొరికినప్పుడల్లా హెడ్ కేంబ్రిడ్జికి వచ్చి రివర్సు గదిలో కన్నులు మూసుకొని చేయి చాచేవాడు. రివర్సు సూదులతో, వెంట్రుకలతో, వేడి వస్తువులతో, చల్లని వస్తువులతో ఆ చేతిని తాకి ఫలితాలు వ్రాసుకొనేవాడు. మొదట తిరిగి వచ్చినది మోటుబాధ. ఎక్కడ గుచ్చినా ఒకచోట అని నిలువక వ్యాపించే నొప్పి. సూది మొనకే ప్రాణం పోయినంత. ఇది ఇక్కడ, ఇంత అని తెలియజెప్పే సున్నితమైన స్పర్శ చాలాకాలానికి గాని రాలేదు. అది వచ్చిన తరువాత మోటుబాధ అణగినది. ఈ సిద్ధాంతాన్ని తరువాతి శాస్త్రజ్ఞులు గట్టిగా ఆక్షేపించినారు. అయితే రివర్సు మనస్సులో ఒక బొమ్మ నిలిచిపోయినది: ప్రాతది చచ్చిపోదు, కొత్తదాని క్రింద అణగి ఉంటుంది, అదను దొరికితే పైకి లేస్తుంది.

1914లో ప్రపంచ యుద్ధం వచ్చినది. యుద్ధభూమి నుండి ఒక వింత వ్యాధి ఇంగ్లండుకు చేరసాగినది. శరీరంపై గాయం లేదు. చేయి పడిపోయినది, మాట పోయినది, కారణం లేని నొప్పి, ఒడలు వణుకు, నిద్ర లేదు. రివర్సు శిష్యుడు ఛార్లెస్ మయర్సు 1915లో వైద్యపత్రిక లాన్సెట్‌లో వ్రాసిన వ్యాసంతో దీనికి షెల్ షాక్ అనే పేరు ప్రచారంలోకి వచ్చినది. ఫిరంగిగుండు ప్రేలుడుకు మెదడు అదరడమే కారణమని మొదట తలచినారు. ప్రేలుడు దరిదాపులలో లేనివారికి కూడ ఇవే లక్షణాలు కనబడడంతో ఆ ఊహ నిలువలేదు. పిరికితనమని ఈసడించినవారు ఎందరో. పారిపోయినారనీ, పిరికివారనీ తమ సైన్యం కాల్చి చంపిన సైనికులలో 306 మందికి బ్రిటిషు ప్రభుత్వం 2006లో క్షమాపణ ప్రసాదించినది. వారిలో కొందరు ఈ వ్యాధిగ్రస్తులే. కొన్నిచోట్ల మూగబోయినవారి గొంతుకు విద్యుత్తు తగిలించి మాట రప్పించేవారు. మాట వచ్చేది. భయం ఎక్కడికి పోయేది?

రివర్సు 1915లో లివర్‌పూలు సమీపాన మేగల్ సైనిక వైద్యశాలలో సాధారణ సైనికులకు వైద్యం చేసి, 1916లో స్కాట్లండు రాజధాని ఎడింబరో చెంత ఉన్న క్రెయిగ్‌లాకార్టుకు కెప్టెను హోదాతో వెళ్ళినాడు. పూర్వం అది ధనికుల జలచికిత్సాలయం. పగలు ఆ భవనం విశ్రాంతిగృహం వలె ఉండేది. రోగులు పచ్చికబయలులో ఆటలాడుకొనేవారు. రాత్రి అయినదంటే గదిగదినుండి కేకలు. నిద్రపోతే కల వస్తుందని భయపడి తెల్లవార్లూ మేలుకొని కూర్చున్నవారు ఎందరో.

వీరందరికీ బంధువులు, స్నేహితులు, చాలమంది వైద్యులు కూడ చెప్పే హితం ఒక్కటే: జరిగినది మరచిపో, మంచివి తలచుకో. రివర్సు ఈ హితవే రోగానికి ఎరువు అని కనుగొన్నాడు. పగలంతా బలవంతాన త్రొక్కిపట్టిన తలపు, కాపలా సడలిన రాత్రివేళ రెట్టింపు బలంతో లేస్తున్నది. కాబట్టి ఆయన ఎదుట కూర్చుని వినేవాడు. భయపడడం సిగ్గు కాదనేవాడు. ఆ తలపును తరిమివేయవద్దనీ, రోజంతా దానితోనే కాపురం చేయవద్దనీ, కొంతసేపు దానిని మామూలు జ్ఞాపకం వలె ఎదుర్కొనుమనీ నచ్చజెప్పేవాడు.

ఒక అధికారి తన మిత్రుని వెదుకుతూ పోయి, గుండు దెబ్బకు ముక్కలైన అతని దేహం చూచినాడు. నాటి నుండి ప్రతిరాత్రీ ఆ మిత్రుడు అదే రూపంలో, ఒక్కొక్కప్పుడు కుష్ఠురోగి రూపంలో, కలలోకి వచ్చేవాడు. రివర్సు ఆ దృశ్యాన్ని మరచిపొమ్మనలేదు. దేహం అట్లు ఛిద్రమైనదంటే ప్రాణం తత్క్షణమే పోయి ఉండాలనీ, మిత్రుడు బాధపడుతూ గంటల కొలది పడి ఉండలేదనీ చూపించినాడు. అధికారి ముఖం వికసించినది. కొన్ని రాత్రులు కలలే లేవు. తరువాత ఒకనాడు కల వచ్చినది. అదే నేల, అదే దేహం. అతడు ప్రక్కన మోకరిల్లి, ఇంటివారికి అందజేయడానికై మిత్రుని నడికట్టు విప్పుతూ మేలుకొన్నాడు. భీతి లేదు, మెల్లగా ఏడుస్తున్నాడు.

అందరికీ ఇట్లు మేలు జరుగలేదు. మరొక యువకుడు ప్రేలుడుకు ఎగిరి, కుళ్ళిన శత్రుశవం మీద ముఖం ఆనేటట్లు పడినాడు. ఆ అనుభవంలో ఊరట కలిగించే అంశం ఒక్కటయినా రివర్సుకు దొరకలేదు. సైన్యం విడిచి, పూర్వం తనకు కొంత శాంతినిచ్చిన పల్లెపట్టులకు పొమ్మని అతనికి సలహా ఇచ్చినాడు. ఈ రెండు ఉదంతాలనూ ఆయన 1917 డిసెంబరులో వైద్యసభలో చదివిన ప్రసంగంలో పక్కపక్కనే పెట్టినాడు. గెలుపుతోబాటు ఓటమిని కూడ చెప్పడం ఆయన సత్యనిష్ఠకు గురుతు.

క్రెయిగ్‌లాకార్టు అధికారులకు మాత్రమే అన్న సంగతి మరువరాదు. ఫ్రాన్సులో పోరాడి గాయపడిన మన సిపాయీలకు బ్రైటన్ రాజభవనంలో మంచాలు వేసినారు. వారి కలలను గురించి వారి భాషలో గంటల కొలది వినడానికి మాత్రం ఒక రివర్సు లేడు.

1917 జూలైలో సీగ్‌ఫ్రీడ్ ససూన్ అనే కవి అక్కడికి వచ్చినాడు. శౌర్యపతకం పొందిన వీరుడు. యుద్ధాన్ని కావాలని పొడిగిస్తున్నారని బహిరంగంగా ప్రకటించినాడు. సైనిక న్యాయస్థానం తప్పించడానికి అతని మిత్రుడు రాబర్టు గ్రేవ్సు పాటుపడి రోగిగా నమోదు చేయించినాడు. అతనికి మతి చెడలేదని రివర్సు కొద్దిదినాలలోనే గ్రహించినాడు. అయినా తాను ధరించినది సైనిక దుస్తు. వచ్చినవారిని నయం చేసి తిరిగి యుద్ధానికి పంపడం తన ఉద్యోగం. వారానికి మూడు సాయంకాలాలు ఇద్దరూ మాట్లాడుకొనేవారు. వైద్యుడు సైనికుని మారుస్తున్నాడా, సైనికుడు వైద్యుని మారుస్తున్నాడా అని చెప్పడం కష్టం. రివర్సుకే ఆ రోజులలో ఒక కల వచ్చినది. దానిని విప్పి చూచుకొని, ఈ రోగి వాదం తనను కూడ యుద్ధవిముఖుని చేస్తే తన గతి యేమిటన్న శంక తన లోపల ఉన్నదని ఒప్పుకొన్నాడు. నవంబరులో ససూన్ తన సైనికులను విడిచి ఉండలేక తానే యుద్ధానికి పోతానన్నాడు. వైద్యమండలి సమ్మతించినది. 1918 జూలైలో తలకు గాయమై లండను చేరిన ససూన్‌ను రివర్సు వెళ్ళి చూచినాడు. 1936లో ప్రచురించిన స్వీయకథలో ససూన్ తన పేరు సహా అందరి పేర్లూ మార్చి, ఈ వైద్యుని పేరు మాత్రం మార్చకుండా ఉంచినాడు.

ఆయన మార్గం యుద్ధంతోబాటే చాలవరకు మరుగుపడినది. వియత్నాం యుద్ధం నుండి మరలివచ్చిన సైనికుల దుస్థితి చూచిన తరువాత, 1980లో అమెరికా మానసిక వైద్యులు ఈ వ్యాధికి నేటి పేరు పెట్టి గుర్తించినారు. దాపున నిపుణుడు ఉండగా రోగి జరిగినదానిని మరల మరల చెప్పడం, పీడకలను మెలకువలో మరొక తీరుగా అల్లి మననం చేయడం, నిద్ర రాదన్న భయాన్నీ, మానని నొప్పిని గురించిన భయాన్నీ ఆలోచన ద్వారా సడలించడం నేటి చికిత్సలు. వీటిలో అన్నీ ఆయన కనిపెట్టినవి కావు. కాని ఆ అధికారి రెండవ కల చదివినవారికి నేటి పద్ధతులు కొత్తగా తోచవు.

1919లో రివర్సు కేంబ్రిడ్జికి తిరిగి వచ్చినాడు. పూర్వం బిడియస్తుడు, ఇప్పుడు సెయింట్ జాన్సు కళాశాలలో ఆయన గది తలుపు విద్యార్థులకు తెరచి ఉండేది. ఆదివారం ఉదయం ఉపాహారానికి పిల్లలు చేరేవారు. నత్తి కూడ తగ్గినదని తెలిసినవారు చెప్పినారు. 1920లో సహజప్రవృత్తినీ, అచేతన మనస్సునూ గూర్చి గ్రంథం ప్రచురించినాడు. 1922లో లేబరుపార్టీ పక్షాన లండను విశ్వవిద్యాలయ స్థానానికి పోటీచేయడానికి అంగీకరించినాడు. ఎన్నిక రాకముందే, జూన్ 4వ తేదీన, హెర్నియాలో ప్రేగు బిగుసుకొని హఠాత్తుగా మరణించినాడు. వయస్సు ఏబదియెనిమిది. ఆయన స్థానంలో రచయిత హెచ్. జి. వెల్సు పోటీచేసినాడు. తన కలలనే పరీక్షించుకొంటూ వ్రాసిన గ్రంథం 1923లో అచ్చయినది. చిన్ననాటి ఇంటి మేడమీది గదులు మాత్రం ఆయనకు జ్ఞాపకం రాలేదు.