ప్రొఫెసర్ మహలనోబిస్ గారు – మా పంట కోత ప్రయోగాలు

జూన్ 29 గణాంక దినోత్సవాన్ని పురస్కరించుకొని వెలువడే ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను పుస్తకాలు చదివినవాణ్ణి కాను, పొలాలు తిరిగినవాణ్ణి అని తప్పించుకోబోయాను. అయితే ఆ పొలాల సంగతే రాయమన్నారు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో సర్వీసంతా నేను మోసిన టేపు, తాడు, మేకులు, త్రాసు వెనుక ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆయన పుట్టినరోజునే 2007 నుండి గణాంక దినోత్సవంగా జరుపుకొంటున్నాము. నేను ఆయనను చూడలేదు. 1976లో నేను ఉద్యోగంలో చేరేనాటికే ఆయన కాలం చేసి నాలుగేళ్లయింది.

ప్రశాంత చంద్ర మహలనోబిస్ గారు 1893 జూన్ 29న కలకత్తాలో బ్రహ్మసమాజ కుటుంబంలో జన్మించారు. ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చదివి, కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలో చేరి 1915లో చదువు ముగించారు. తిరుగు ప్రయాణానికి యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ వ్యవధిలో కాలేజీ గ్రంథాలయంలో ఒక అధ్యాపకుడు బయోమెట్రికా అనే పత్రికను చూపించారు. ఆయన ఆ సంపుటాలు కొనుక్కొని ఓడలో చదువుకుంటూ వచ్చారట. భౌతికశాస్త్రం బోధించడానికి కలకత్తా చేరిన మనిషి క్రమంగా గణాంకశాస్త్రంలో పడిపోయారు. 1920లో నాగపూర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో అన్నండేల్ అనే శాస్త్రవేత్త కొందరి శరీర కొలతలు ఇచ్చి విశ్లేషించమని కోరగా, అందులోనుండే తరువాత ఆయన పేరుతో ప్రసిద్ధమైన మహలనోబిస్ దూరం పుట్టింది. (నాగపూర్ అంటే మన ఆదిలాబాదు దాటి పోయే రోడ్డే కదా, అందుకని ఈ సంగతి నాకు ఇష్టం.) 1931 డిసెంబరు 17న భారత గణాంక సంస్థను స్థాపించారు. మొదట అది ప్రెసిడెన్సీ కాలేజీలో ఆయన గదే. మన తెలుగువారైన సి. ఆర్. రావు గారు 1941లో అక్కడికే శిక్షణకు వెళ్లి, అక్కడే ఎదిగి, మహలనోబిస్ గారి తరువాత ఆ సంస్థకు సారథి అయ్యారు.

మన ఉద్యోగానికి సంబంధించినంతవరకు అసలు కథ 1937లో జనపనారతో మొదలవుతుంది. బెంగాలులో ఎంత జనుము వేశారో, ఎంత పండిందో ఎవరికీ సరిగా తెలియదు. మన వైపు పట్వారీ పహాణీ రాసేవాడు గనుక ఏ సర్వే నంబరులో ఏ పంట ఉన్నదో మంచో చెడో ఒక కాగితం ఉండేది. అక్కడ శాశ్వత శిస్తు పద్ధతి కావడం వల్ల ఆ కాగితమూ లేదు, చౌకీదారు చెప్పిందే లెక్క. దిగుబడి అంటారా, అది దేశమంతటా ఒకటే తంతు. మామూలు పంట పదహారు అణాలనుకొని ఈ ఏడు ఎన్ని అణాలో కంటితో చూసి చెప్పడం, అదే ఆనావారీ. మహలనోబిస్ గారు అన్ని పొలాలూ కొలవనక్కర లేదని, చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా కొన్నిటిని ఎంచి వాటిని మాత్రం శ్రద్ధగా కొలిస్తే చాలునని చేసి చూపించారు. 1941 నాటికి బెంగాలు మొత్తానికి దానిని విస్తరించారు.

ఆయన చేసిన ఇంకొక పని నాకు అంతకంటే గొప్పదిగా తోస్తుంది. ఒకే ప్రాంతానికి రెండు వేరువేరు నమూనాలు తీసి, రెండు జట్లను విడివిడిగా పంపేవారు. ఒక జట్టు లెక్క రెండవ జట్టుకు తెలియదు. రెండు లెక్కలూ దగ్గరగా వస్తే సరి, దూరమైతే ఎక్కడో మనిషి తప్పు చేశాడన్నమాట. ఉద్యోగి అలసిపోతాడు, బస్సు తప్పిపోతుంది, వాన వస్తుంది, ఎండలో నిలబడలేక కాగితం ఇంట్లో నింపుతాడు. ఇదంతా ఆయన ముందే ఊహించి, తనిఖీని లెక్కలోనే కలిపి కుట్టారు.

1943లో బెంగాలు కరువు వచ్చింది. కరువు విచారణ సంఘం 1945లో మృతులు సుమారు 15 లక్షలని అంచనా వేసింది. తరువాతి పరిశోధకులు 30 లక్షల దాకా చెప్పారు. నిజంగా బియ్యం ఎంత ఉన్నదన్న ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర నమ్మదగిన జవాబు లేదు. లెక్క ఒక్కటే కారణమని నేను అనను, ధరలు, యుద్ధం, పాలకుల నిర్లక్ష్యం ఎన్నో ఉన్నాయి. మహలనోబిస్ గారు కరువు తగ్గిన వెంటనే పల్లెలకు తన జట్లను పంపి, ఎన్ని కుటుంబాలు భూములు అమ్ముకొన్నాయో, ఎడ్లు పోగొట్టుకొన్నాయో సర్వే చేయించారు. ఆ రోజుల్లోనే మన నిజాం ఇలాకాలో లెవీ గల్లా వసూలు సాగుతుండేది. పంట అంచనా పెంచి రాస్తే రైతు ఇంట్లో తిండిగింజలు లేకుండా పోయేవి, పెద్ద భూస్వామికి తగ్గించి రాస్తే ఆ భారం చిన్నవాడి మీద పడేది. మా పెద్దలు పట్వారీ కలం అంటే ఎందుకు భయపడేవారో ఉద్యోగంలో చేరాక గాని నాకు అర్థం కాలేదు.

మా పని గురించి ఇతర శాఖల సభ్యుల కోసం కొంచెం చెబుతాను. విస్తీర్ణం పహాణీ నుండి వస్తుంది. దిగుబడి పంట కోత ప్రయోగం నుండి వస్తుంది. ఎంపికైన గ్రామంలో ఎంపికైన పొలానికి వెళ్లి, నైరుతి మూలనుండి యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం నడిచి, 5 మీటర్ల పొడవు 5 మీటర్ల వెడల్పు మడి కట్టి, కోసి, నూర్చి, తూర్పార పట్టి తూకం వేయాలి. ఆ తూకాన్ని 400తో హెచ్చిస్తే హెక్టారు దిగుబడి. అంటే మడిలో పావు కిలో తేడా వస్తే హెక్టారుకు 100 కిలోలు మారిపోతుంది. రెండూ గుణిస్తే జిల్లా ఉత్పత్తి, జిల్లాలు కలిపితే రాష్ట్రం, రాష్ట్రాలు కలిపి ఢిల్లీలో వ్యవసాయ మంత్రిత్వశాఖ ముందస్తు అంచనాలు ప్రకటిస్తుంది. అందులోంచి విత్తనానికి, పశువుల దాణాకు, వృథాకు కలిపి 12.5 శాతం తీసివేసి, దిగుమతులూ నిల్వలూ సర్ది, దేశంలో మనిషికి ఎంత గింజ అందుబాటులో ఉన్నదో లెక్క కడతారు. పెద్దపల్లి, సుల్తానాబాద్ వైపు కాకతీయ కాలువ కింద వరి మడిలో మోకాలి లోతు బురదలో నిలబడి తాడు బిగించినప్పుడు ఇదంతా గుర్తుకు రాదు, జలగలే గుర్తుంటాయి.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. 1980లలో ఆదిలాబాద్ జిల్లాలో జొన్న ప్రయోగం. కోత రోజుకు ముందు కబురు చేయమని, నేను వచ్చేదాకా మడి కోయవద్దని ఒక పెద్ద రైతుకు చెప్పి వచ్చాను. కబురు వచ్చింది. నేను వెళ్లలేదు. ఇంట్లో పిల్లవాడికి జ్వరం, మరునాడు బస్సు లేదు, మూడవనాడు వెళ్లేసరికి ఊరి మొదట్లోనే ఆ చేను కోసేశారని ఎవరో చెప్పారు. నేను చేను దాకా పోలేదు. పక్క చేనులో నిలిచిన పంటను తూచి, ఆ అంకెనే ఈ సర్వే నంబరు ఎదుట వేశాను. పక్కది నల్లరేగడి, ఏపుగా ఉన్న చేను. మూడు కిలోల పైచిలుకు వచ్చింది.

మరుసటి సంవత్సరం అదే ఊరికి వేరే పని మీద పోతే ఆ రైతే ఎదురయ్యాడు. కోపం లేదు. సారు రాలేదేమని అడిగాడంతే. మబ్బు పట్టినా రెండు రోజులు ఆ మడిని నిలిపి ఉంచాడట. ఇక ఆగలేక కోసి, ఆ కట్టలు మాత్రం విడిగా కట్టి, కల్లంలో ఒక మూల పెట్టి, నాకోసం మరో నాలుగు రోజులు చూశాడట. నూర్చితే రెండు కిలోలు కూడా రాలేదన్నాడు. 1985లో వచ్చిన సమగ్ర పంటల బీమా పథకంలో ఇటువంటి ప్రయోగాల సగటునే కనీస దిగుబడితో పోల్చి పరిహారం నిర్ణయించేవారు. ఆ ఏడు ఆ ప్రాంతానికి జొన్నకు పరిహారం రాలేదు. నా ఒక్క అంకె వల్లనే రాలేదని చెప్పలేను, కాదనీ చెప్పలేను. మహలనోబిస్ గారి రెండు జట్ల సంగతి శిక్షణలో ఒకసారి పరీక్ష కోసం చదివాను. అది నాలాంటి వాడి కోసమే పెట్టిందని ఆ రోజు తెలిసింది.

మళ్లీ ఆయన చరిత్రకు వస్తాను. 1949లో కేంద్ర మంత్రివర్గానికి గౌరవ గణాంక సలహాదారు అయ్యారు. ఆ సంవత్సరమే జాతీయాదాయ సంఘానికి అధ్యక్షులయ్యారు. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. పంట ఎంత వచ్చిందన్నది ఒక సగమైతే, జనం ఎంత తింటున్నారన్నది రెండవ సగం. ఇంటింటికీ వెళ్లి 30 రోజుల్లో ఎన్ని జొన్నలు, ఎన్ని బియ్యం వండారో అడిగే పని దానితో వచ్చింది. ఉట్నూరు వైపు గోండు గూడేల్లో రాష్ట్ర నమూనా కింద నేనూ ఆ కాగితాలు నింపాను. వారు మానికలలో చెబితే మేము కిలోలలోకి మార్చుకొనేవాళ్లం. కేంద్రం వారు ఒక నమూనా, రాష్ట్రం వారు మరొక నమూనా చేయడం కూడా ఆయన నాటి జంట లెక్కల ఆలోచనకు దగ్గరిదే.

ఆయనకు అన్నీ చెల్లలేదు. ఆయన చిన్న వలయాకారపు కోతలు చాలునన్నారు. పి. వి. సుఖాత్మే గారు చిన్న మడిలో అంచున ఉన్న మొక్కలను లోపలికి కలుపుకొనే అలవాటు వల్ల దిగుబడి ఎక్కువ కనిపిస్తుందని వాదించారు. చాలాకాలం సర్వే వారి ఉత్పత్తి లెక్క ఒకటి, వ్యవసాయ శాఖ లెక్క ఇంకొకటిగా నడిచి, చివరకు పెద్ద మడి పద్ధతే అధికారికంగా నిలిచింది. తాడు బిగించినవాడిగా చెబుతున్నాను, ఈ విషయంలో సుఖాత్మే గారిదే ఒప్పు. అంచు మొక్క మీద మనసు పోతుంది. అలాగే 1956లో మొదలైన రెండవ పంచవర్ష ప్రణాళికకు ఆయన వేసిన నమూనా భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసి సేద్యాన్ని వెనక్కు నెట్టిందన్న విమర్శ ఉన్నది. 1964-65లో 8 కోట్ల 90 లక్షల టన్నులు దాటిన ఆహారధాన్యాల ఉత్పత్తి మరుసటి ఏడు అనావృష్టికి 7 కోట్ల 20 లక్షల టన్నులకు పడిపోయి, అమెరికా గోధుమల కోసం ఎదురుచూడవలసి వచ్చింది.

1968లో పద్మవిభూషణ్ వచ్చింది. 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు కన్నుమూశారు.

ఇప్పుడు మన పాత రెండు జిల్లాలు 2016లో ఎనిమిదయ్యాయి. పట్వారీలు 1984లోనే పోయారు, వీఆర్వోలు 2020లో పోయారు. ప్రయోగం ఫొటోతో సహా ఫోనులో నమోదవుతున్నది. అయినా 2022 ఫిబ్రవరిలో గోధుమ 11 కోట్ల 13 లక్షల టన్నులని ప్రకటించి, వడగాడ్పుల తరువాత మే 13న ఎగుమతులు ఆపివేసి, ఆ నెలలోనే అంచనాను 10 కోట్ల 64 లక్షలకు తగ్గించారు. 2017-18 వినియోగ సర్వే ఫలితాలను నాణ్యత సరిగా లేదని విడుదలే చేయలేదు. రెండు జట్లను పంపిన మనిషి ఉంటే ఏమి చేసి ఉండేవారో అని అప్పుడప్పుడు అనుకుంటాను.

రిటైరయ్యే రోజు టేపు, త్రాసు అప్పగించాను. తాడు మాత్రం పాతబడిందని తీసుకోలేదు. మా ఇంటి దూలానికి వేలాడుతున్నది.