వేడిని నమ్మిన రుడాల్ఫ్ డీజిల్

భూపాలపల్లి బొగ్గు గనుల దారిలో మార్గశిర మాసపు తెల్లవారుజామున నిలిచి ఉండే లారీలను చూచినవారికి ఒక దృశ్యం పరిచితమే. డ్రైవరు ఇంజనును స్టార్టు చేసి, బండిని కదలనీయక, తాను టీ తాగి వచ్చేదాకా దానిని అలాగే తిరగనిస్తాడు. వేడెక్కనిదే బండి తీయరాదన్నది వెనుకటి డ్రైవరు వద్ద క్లీనరుగా ఉన్నప్పుడు అతడు నేర్చుకున్న పాఠం. జనగామలోనో, మహబూబాబాదులోనో కొత్తగా కారు కొనుక్కున్న ఉపాధ్యాయుడు సైతం బడికి బయలుదేరేముందు ఈ పాఠాన్నే పాటిస్తున్నాడు. ఇందులో సత్యమెంత, ఆచారమెంత? ఇది తేల్చుకోవాలంటే ఆ ఇంజనుకు పేరిచ్చిన మనిషి జీవితంలోనికి పోవలసి ఉన్నది. ఎందుకంటే డీజిల్ అన్నది మొదట నూనె పేరు కాదు. ఒక మనిషి ఇంటిపేరు.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో జన్మించినాడు. తల్లిదండ్రులు జర్మన్లు, బవేరియా నుంచి వలసవచ్చినవారు. తండ్రి తోలుపని చేసి కుటుంబాన్ని పోషించేవాడు. 1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం సంభవించగానే పారిస్‌లోని జర్మన్లకు నిలువనీడ లేకపోయినది. కుటుంబం లండను చేరినది. అక్కడ కూడా జరుగుబాటు కష్టం కాగా, పన్నెండేళ్ల రుడాల్ఫును ఒంటరిగా రైలెక్కించి ఆగ్స్‌బర్గ్ పట్టణంలోని బంధువుల ఇంటికి పంపివేసినారు. ఆ ఇంటి యజమాని గణితోపాధ్యాయుడు. పరాయి పంచన చేరిన ఆ బాలునికి చదువే దిక్కయినది. పద్నాలుగవ ఏటనే, తాను ఇంజనీరును కాదలచినానని తల్లిదండ్రులకు లేఖ వ్రాసినాడు. మ్యూనిక్ సాంకేతిక విద్యాలయంలో చదివి, మధ్యలో సన్నిపాత జ్వరం వచ్చి పరీక్ష వెనుకబడినా, 1880లో అత్యుత్తమ శ్రేణిలో ఉత్తీర్ణుడైనాడు.

మ్యూనిక్‌లో అతనికి గురువు కార్ల్ ఫాన్ లిండే. శీతలీకరణ యంత్రాల నిర్మాణంలో లోకప్రసిద్ధుడు. ఆవిరియంత్రం తాను తిన్న బొగ్గులోని వేడిలో పదవ వంతును కూడా పనిగా మార్చలేకపోతున్నదని, మిగిలినదంతా వృథాయే అవుతున్నదని ఆయన తరగతిలో చెప్పిన మాట శిష్యుని మనస్సులో ముల్లువలె నాటుకొన్నది. చదువు ముగిసిన తరువాత డీజిల్ పదేళ్లు గురువుగారి మంచు కర్మాగారాలలోనే ఉద్యోగం చేసినాడు. పగలు మంచుగడ్డలు తయారుచేయించడం, తీరిక దొరికినప్పుడల్లా వేడిని గురించి ఆలోచించడం, విచిత్రమైన జీవితమే.

అతని ఆలోచన బడిపిల్లలకు కూడా అందేటంత సులభమైనది. సైకిలు చక్రానికి గాలికొట్టేటప్పుడు పంపు అడుగుభాగాన్ని తాకి చూస్తే వెచ్చగా ఉంటుంది. గాలిని వేగంగా అదిమితే అది వేడెక్కడమే దీనికి ముఖ్య కారణం. పదిహేను వంతులను ఒక వంతు చోటులోనికి అదిమితే ఆ వేడి 500 సెంటీగ్రేడు డిగ్రీలు దాటుతుంది. ఆ క్షణంలో నూనెను తుంపరగా చిమ్మితే, నిప్పురవ్వ అక్కరలేకుండానే అది భగ్గున మండుతుంది. పెట్రోలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గు కావాలి. ఆ రోజుల్లోని కొన్ని ఆయిల్ ఇంజన్లకైతే మొదట తలభాగాన్ని దీపంతో కాల్చి ఎర్రబరచవలసివచ్చేది. డీజిల్ కోరినది ఇవేవీ లేని యంత్రం. తన నిప్పును తానే పుట్టించుకొనే యంత్రం.

1892లో పేటెంటుకు దరఖాస్తు పెట్టినాడు. మరుసటి సంవత్సరం సిద్ధాంతాన్ని గ్రంథంగా ప్రకటించినాడు. ఆగ్స్‌బర్గ్ యంత్రాగారం, క్రప్ సంస్థ ధనసహాయానికి అంగీకరించినవి. 1893 ఆగస్టు 10న తొలి ప్రయోగం జరిగినది. సిలిండరులో ఇంధనం మండినది కాని, దాని ఉద్ధృతికి ఒత్తిడిని కొలిచే పరికరం బద్దలై ముక్కలు గాలిలో ఎగిరినవి. దగ్గర ఉన్నవారు ప్రాణాలతో బయటపడడమే గొప్ప. 1894 ఫిబ్రవరి 17న రెండవ యంత్రం కర్మాగారపు బెల్టు సహాయం లేకుండా దాదాపు ఒక్క నిమిషం తనంతట తాను తిరిగినది. బెల్టు యంత్రాన్ని లాగడం మాని యంత్రమే బెల్టును లాగుతున్నదని మొదట గమనించిన మేస్త్రీ, మారుమాటాడక టోపీ తీసి డీజిల్‌కు వందనం చేసినాడట. ఆ ఒక్క నిమిషం నుంచి నమ్మదగిన ఇంజను దాకా మరి మూడు సంవత్సరాలు పట్టినవి. 1897 ఫిబ్రవరిలో ఆచార్య ష్రోటర్ జరిపిన పరీక్షలో కొత్త ఇంజను ఇంధనంలోని వేడిలో 26 శాతానికి పైగా పనిగా మార్చినట్లు తేలినది. లోకం నివ్వెరపోయినది.

డీజిల్ జీవితంలో పొరపాటు జరిగినది కూడా ఇక్కడనే. ప్రయోగశాలలో నిపుణుల చేతులలో తిరిగిన యంత్రం వేరు, సామాన్య కార్మికుని చేతిలో రాత్రింబవళ్లు తిరగవలసిన యంత్రం వేరు. ఈ రెండింటి నడుమ కొంతకాలం ఓపిక పట్టవలసి ఉండినది. ఓపిక పట్టలేదు. దేశదేశాల కంపెనీలు తయారీ హక్కులకై ఎగబడినవి. అమెరికాలోని బీరు వ్యాపారి బుష్ ఒక్కడే పది లక్షల మార్కులు ఇచ్చినాడు. 1898లో కెంప్టెన్ పట్టణంలోని ఒక అగ్గిపుల్లల కర్మాగారంలో తొలి ఇంజను పనికి దిగినది. అగ్గిపుల్ల అక్కరలేని ఇంజను మొట్టమొదట అగ్గిపుల్లలవారి గుమ్మమే తొక్కడం వింత. అది పదే పదే మొరాయించినది. ఆగ్స్‌బర్గ్‌లో డీజిల్ స్వయంగా పాల్గొని స్థాపించిన ఇంజన్ల కర్మాగారం నాసిరకం యంత్రాలు తయారుచేసి కొద్దికాలంలోనే ఉత్పత్తి ఆపివేసినది. పేటెంటు వివాదాలు చుట్టుముట్టినవి. ఆ సంవత్సరమే డీజిల్ నరాల బలహీనతతో మంచాన పడి, ఆరోగ్యాలయంలో చికిత్స పొందవలసి వచ్చినది. యంత్రాన్ని చక్కదిద్దినది చివరకు ఆగ్స్‌బర్గ్ యంత్రాగారపు ఇంజనీర్ల సంవత్సరాల శ్రమ. సృష్టికర్తకు శాస్త్రం తెలుసును; వేచి ఉండడమే తెలియలేదు.

అతని ఊహలలో కొన్ని తెలంగాణ పాఠకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించగలవు. మొదట్లో అతడు తన ఇంజనును బొగ్గుపొడితో నడపదలచినాడు. ప్రయోగాలు ఫలించలేదు. నేడు భూపాలపల్లిలో సింగరేణి బొగ్గును మోసే బండ్లను డీజిల్ ఇంజన్లే లాగుతున్నవి; తినలేకపోయిన బొగ్గును మోస్తున్నవన్నమాట. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుసెనగ నూనెతో నడిపి చూపినారు. వంటనూనెతో నడిచే యంత్రం వ్యవసాయ దేశాలకు మేలు చేయగలదని డీజిల్ గట్టిగా నమ్మినాడు. పిమ్మట జనగామ వంటి మెట్టప్రాంతాలలో కరెంటు రాకముందు మోటకు బదులుగా బావులలోని నీరు తోడినది ఆయిల్ ఇంజన్లే. కాని వాటిలో పోసినది వేరుసెనగ నూనె కాదు, చమురు కంపెనీల సరకు.

కీర్తి పెరిగినకొద్దీ సంపద కరిగినది. మ్యూనిక్‌లో కట్టుకొన్న భవంతి ఖర్చు, స్థలాల క్రయవిక్రయాలలో నష్టం అతనిని అప్పులలో ముంచినవి. 1913 సెప్టెంబరు 29 సాయంకాలం ఆంట్వర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడనెక్కి ఇంగ్లండుకు బయలుదేరినాడు. మిత్రులతో భోజనం చేసి, ఉదయం ఆరుంబావుకు లేపవలసిందిగా చెప్పి గదికి పోయినాడు. తెల్లవారి చూడగా పక్క నలగలేదు. పైన ఓడతట్టుపై టోపీ, కోటు మాత్రం కనిపించినవి. పది రోజుల అనంతరం సముద్రంలో తేలిన ఒక శవాన్ని డచ్చి పడవవారు చూచి, జేబులలోని వస్తువులు తీసుకొని, దేహాన్ని తిరిగి నీటికే వదలివేసినారు. ఆ వస్తువులు తండ్రివేనని కుమారుడు గుర్తించినాడు. ఆత్మహత్యయో మరొకటియో నేటికీ తేలలేదు. అప్పటికి అతని వయస్సు 55 సంవత్సరాలు.

తన ఇంజను లారీలలో విరివిగా వాడుకలోనికి రావడం అతడు చూడలేదు. జర్మనీలో డీజిల్ లారీలు 1920ల నడుమ, మెర్సిడెస్ డీజిల్ కారు 1936లో వచ్చినవి. చిన్న ఇంజనులో చల్లని లోహపు గోడలు అదిమిన గాలి వేడిని లాగివేస్తవి, నూనె అంటుకోదు. అందుకే పాత డీజిల్ కార్లలో హీటరు ప్లగ్గులు ఎరుపెక్కేదాకా ఆగి తాళం తిప్పేవారు. కార్బురేటరు ఉన్న పెట్రోలు కార్లకు చోకు లాగి కొంతసేపు నిలపడం కూడా అవసరమే అయ్యేది. వెనుకటి డ్రైవరు చెప్పిన పాఠం ఆనాటికి అబద్ధం కాదు.

నేటి కార్లలో నూనె చిమ్మే కొలతను కంప్యూటరే చూచుకుంటుంది. స్టార్టు చేసిన కొద్ది క్షణాలకే లూబ్రికేషన్ ఆయిల్ పైకి చేరుతుంది. అరనిమిషం చాలు. నిలిచి తిరిగే డీజిల్ ఇంజను, తక్కువ నూనెతో ఎక్కువ పని చేయడమే దాని గుణం కనుక, వేడెక్కడంలో మహా నిదానం. మెల్లగా కదులుతూ పోతేనే త్వరగా వేడెక్కుతుంది. మొదటి రెండు మూడు కిలోమీటర్లు యాక్సిలరేటరు గట్టిగా తొక్కకుండా ఉండడమే అసలు జాగ్రత్త. నూనె గడ్డకట్టే హిమాలయ ప్రాంతపు చలి మాట వేరు. మహబూబాబాదులో అంతటి చలి ఎన్నడూ లేదు.

ఇక లారీ డ్రైవరు టీ తాగివచ్చే వ్యవధికి మరొక కారణం ఉన్నది. రాత్రంతా నిలిచిన లారీలో బ్రేకుల ట్యాంకులలోని గాలి తగ్గిపోతుంది. ఇంజను తిరిగి, కంప్రెసరు గాలిని నింపి, ముల్లు తగిన గుర్తుకు చేరనిదే ఆ బండిని కదపరాదు. అతడు వేచి ఉండేది చాలావరకు ఇంజను కొరకు కాదు, బ్రేకుల కొరకు.